ఆదివారం విమానాలు

వచ్చీ రాగానే ఆవిడ ఒక విమానం ముక్కు విరిచింది.

గడియారాల షాపు మీది గదిలో, కిటికీ పక్కన ఆరబెట్టిన విమానం అది. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఆవిడ వేలితో అలా తాకింది, అంతే.

"అయ్యో," అంది.

"పర్వాలేదమ్మా, మళ్లీ అతికించొచ్చు," అన్నాడు గడియారాలాయన. "ఎవరు కావాలి మీకు?"

"ఇక్కడ ప్లాస్టిక్ విమానాలు చేస్తారట. నేర్చుకుందామని."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. గడియారాలాయన, పళ్ల డాక్టరు, లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో చేరి, చిన్న చిన్న ముక్కలు గీకి, అతికించి, రంగులేసి విమానాలు చేస్తారు. విరిగిన పాతవాటికి ప్రాణం పోస్తారు. ఇన్నేళ్లలో నేర్పమని అడిగినవాళ్లు లేరు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లయితే ఆ గది ఛాయలకే రారు.

"మా ఆవిడ వింటే, మీ పిచ్చి ఊరికి కూడా అంటించారా అంటుంది," అన్నాడు డాక్టరు.

ఆవిడ నవ్వలేదు. అద్దాల బీరువాలో ఉన్న ఒక విమానాన్ని చూస్తోంది. రెండింజన్ల సరుకుల విమానం. తోక సగమే అతికి ఉంది. ఒక పక్క రెక్కే లేదు.

"దాంతో మొదలెట్టనా?"

"అది వద్దమ్మా," గడియారాలాయన గబుక్కున అన్నాడు. "అది మా మీటరుది."

"మీటరా?"

"మా నాలుగోవాడు. కరెంటాఫీసులో పని, అందుకని మీటరు. పాతసామాన్ల కొట్లో విరిగిపోయి ఉంటే తెచ్చి బాగుచేస్తున్నాడు. మధ్యలోనే పోయాడు. వరసగా రాకపోయేసరికి ఆఫీసుకు ఫోన్ చేశాం. గుండె ఆగిందన్నారు. అప్పటికే అంతా అయిపోయింది."

"వాళ్లింటికి వెళ్లలేదా?"

"ఇంట్లో ఎవరున్నారని? ఒంటికాయ శొంఠికొమ్ము," అన్నాడు మాస్టారు. "పెళ్లెందుకు చేసుకోలేదురా అంటే ఆ బీరువా చూపించేవాడు. ఇంతమందిని పోషించలేక చస్తున్నా, ఇంకొకతా అనేవాడు."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

అందులో అంత నవ్వేముందో గడియారాలాయనకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆవిడ ప్రతి ఆదివారం వచ్చింది. పని మాత్రం అబ్బలేదు. రెక్క అతికించబోయి తన వేళ్లే అతికించుకునేది. గరుకు కాగితం చేతికిస్తే రుద్దకూడని చోటే రుద్దేది. ప్రశ్నలకు మాత్రం లోటు లేదు. అన్నీ మీటరు గురించే.

"ఇక్కడ నవ్వుతూ ఉండేవారా?"

"నవ్వడమేంటమ్మా, నవ్వించి చంపేవాడు. పాటలొకటి. గొంతు మాత్రం గాడిదకు అన్నయ్య."

"పాడేవారా?" ఆవిడ చేతిలో పట్టకారు ఆగిపోయింది.

పట్టకారు కింద పెట్టి మళ్లీ అడిగింది. "ఆదివారం ఇక్కడికేనా? ఇంకెక్కడికీ వెళ్లేవారు కాదూ?"

"పొద్దు గుంకేదాకా ఇక్కడే. ఇంకెక్కడికి పోతాడు?"

ఆవిడ నెత్తి మీది బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది.

ఎంత మొండి గడియారమైనా వెనక మూత తీస్తే ఏ చక్రం అడ్డం తిరిగిందో గడియారాలాయనకు తెలిసిపోతుంది. ఈవిడ మాత్రం ఎటు నుంచి చూసినా కొరుకుడు పడలేదు.

"బీరువా మీద కన్నేసింది," అన్నాడు డాక్టరు, ఆవిడ వెళ్లాక. "పాత మోడళ్లు పోగేసేవాళ్లుంటారు. తియ్యగా మాట్లాడి ఎత్తుకుపోతారు."

"ఛ. ఆ మొహం దొంగ మొహంలా లేదయ్యా," అన్నాడు మాస్టారు.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది గడియారాలాయనకు. అదే చిక్కు.

ఒక ఆదివారం ఆయన కింద నుంచి మంచినీళ్లు తెచ్చేసరికి బీరువా తలుపు తీసి ఉంది. సరుకుల విమానం ఆవిడ ఒళ్లో ఉంది. పక్కనే సంచి నోరు తెరుచుకుని ఉంది.

"ఏంటిది?" తన గొంతు తనకే కరుగ్గా వినిపించింది.

"ఒక్క వారం ఇంట్లో ఉంచుకుని తెచ్చేస్తానన్నయ్యగారూ."

"పోయినవాడి వస్తువు. మీకెందుకమ్మా?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"నిజమే. నాకెందుకు," అంది.

పసిబిడ్డను పడుకోబెట్టినట్టు విమానాన్ని బీరువాలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మరి రాలేదు.

ముగ్గురికీ చేతులాడలేదు. ఏదో తప్పు జరిగిందని ఉంది, అదేమిటో తెలియదు. ఆ తోచనితనంలోనే మీటరు విమానం పూర్తి చేశారు. లేని రెక్క మాస్టారు చెక్కాడు. తోక పగులును డాక్టరు పళ్ల గుంటలు పూడ్చే ముద్దతో పూడ్చాడు. గడియారాలాయన రంగు వేశాడు.

"వాడు పనిచేసిన చోట పెడదాం. నలుగురూ చూస్తారు," అన్నాడు మాస్టారు.

గడియారాలాయన దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని కరెంటాఫీసుకు వెళ్లాడు. మీటరు పక్క కుర్చీలో కూర్చునే గుమస్తా పెట్టె మూత తీసి చాలాసేపు చూశాడు.

"బాగుంది. కానీ ఆఫీసుకెందుకండీ? ఇంట్లో ఇవ్వాల్సింది."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఇప్పుడెవరూ లేరు లెండి. మొన్ననే ఇల్లు ఖాళీ చేసి వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయింది."

"ఎవరు?"

గుమస్తా ఆయన్ను వింతగా చూశాడు.

"ఆయన భార్యండీ. ఓవర్‌టైమని చెప్పి ఆదివారాలు ఇంకో సంసారానికి పోతున్నాడని ఏళ్ల తరబడి లోలోపలే కుమిలింది. ఆయన పోయాక, ఆదివారాలు కలిసి విమానాలు చేసేవాళ్లమని మీరు ఫోన్ చేసిన సంగతి నేను చెబితే, ఆ సంసారమేదో ఒకసారి చూసొస్తానని మీ గడియారాల షాపుకే బయల్దేరింది."