సమీవుల్లా మీద వ్యాసం

సాయంత్రంలోగా వ్యాసం పత్రికకు పంపాలి. కంప్యూటరేమో ఆన్ కావడం లేదు. తిరుపతిలో మా వీధి మొత్తానికి దాన్ని బాగుచేయగలిగినవాడు సమీవుల్లా ఒక్కడే. వ్యాసం నిండా నేను తిట్టింది కూడా అతణ్ణే. నా పుస్తకం పకోడీలు కట్టడానికి పనికొస్తుందని నిండు సభలో అన్న పెద్దమనిషి మరి.

వేరే దారి లేక పిలిచాను.

"ఏమప్పా మునస్వామీ, ఆయుధపూజకు బటన్ సందులో గంధం మెత్తినారే! ఎండి బిగుసుకోనుండాది" అంటూ గుండుసూదితో గీకాడు.

కంప్యూటర్ వెలిగింది. పోయిందనుకున్న వ్యాసాన్ని తనే వెతికి తెరిచాడు. నేను అడ్డం నిలబడినా తల పక్కకు వంచి ఆరు పేజీలూ చదివాడు.

"ముందు సేవ్ చేసుకోప్పా. కరెంటు పోతే తిట్లన్నీ పోతాయి" అన్నాడు నింపాదిగా.

సిగ్గుపడి మాట మార్చాను. "ఈ విద్య యాడ నేర్చుకుంటివి?"

"నీ మీద రాసుకున్న నలభై పేజీలు ఒకతూరి ఇట్లే మాయమైనాయి. వాటిని వెనక్కి తెచ్చుకునేదానికే నేర్చుకున్నా."

నలభై! నావి ఆరే.

ఆ సాయంత్రం వ్యాసం పంపలేదు. ఇంకా కనీసం ముప్పై అయిదు పేజీలు రాయాలి.