గుండీ ఊరుకోదు

ఫోన్లో వచ్చిన మాటని పైకి అంటే చాలు, డాలర్లు పడే రోజులవి. అమెరికాలో జనమంతా అలాగే మాట్లాడుతుంటే, ఏ మాటకి ఎవరు డబ్బిచ్చారో చొక్కా గుండీ అక్కడికక్కడే చెప్పాలని చట్టం తెచ్చారు.

"కాకరకాయ వేపుడు అద్భుతం!" అన్నాడు ప్రమోద్, ఇంకా ముద్ద నోట్లో పెట్టకుండానే.

"ఈ అభిప్రాయానికి డబ్బిచ్చినవారు, కాకరకాయ రైతుల సంఘం," అంది అతని గుండీ.

భార్య మంజీర పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా తను నిలబడ్డ రేపటి స్కూలు బోర్డు ఎన్నిక మీదే ఉంది. ఓహైయోలోని ఆ చిన్న ఊళ్లో ఆరు వారాలు కాళ్లరిగేలా తిరిగింది. ఓటేస్తామన్న ప్రతివాళ్ల గుండీ, ఆ మాటకి డబ్బిచ్చినవాళ్ల పేరేదో ఒకటి చెప్పింది. ఇంట్లో ఓటైనా గట్టిదే కదా అనుకుంది.

"ఏమండీ, రేపు ఓటెవరికి?"

"ఇంకెవరికి? నీకే! నీలా నిలదీసి అడిగే మనిషి ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?"

"ఈ అభిప్రాయానికి డబ్బిచ్చినవారు, మంజీర ఎన్నికల కమిటీ," అంది గుండీ.

మంజీర చేతిలో గరిటె ఆగిపోయింది. కమిటీ కంప్యూటరుకి తను చెప్పింది ఒక్కటే: మనవాళ్ల మీద డబ్బు తగలెయ్యకు, ఎటూ తేల్చుకోనివాళ్లకే పంపు.

"అంటే మీరింకా తేల్చుకోలేదా?" అంది మెల్లగా.

ప్రమోద్ తల పైకెత్తకుండా కంచం ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం కాకరకాయ వెయ్యవే, చాలా బాగుంది."

ఈసారి గుండీ కిక్కురుమనలేదు.