రెండో ఇంటి చూపు

నిజమైన కొత్త కణాన్ని నీడనుకుని పారేస్తానేమోనన్నదే ఈశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఇప్పుడు ఇంటింటా ఆడవాళ్లు భౌతికశాస్త్ర ప్రయోగశాల తెరమీదికి పంపే గీతల్లో, కొత్త కణం జాడగా పైకి లేచే గుట్టలు ఏరుతున్నారు. కణాలు ఢీకొన్న తీరువల్ల లేచే ఉత్తుత్తి గుట్టను నీడంటారు. తెరమీద ఢీకొనే వేగం మార్చి చూడగానే అది పక్కకు జరుగుతుంది. అసలు కణానిది కదలదు.

ఇవాళ ఒకటి, ఎన్నిసార్లు మార్చినా కదలలేదు.

"నీడేలేవే, పారేసి కాస్త నడుం వాల్చు," అంది అత్త.

"పక్కవీధి మంగతాయక్క కూడా చూసి ఔనంటేనే లెక్క, అత్తయ్యా. పొద్దుటినుంచీ పలకట్లేదు. ఒంటరి మనిషి."

"నిద్రపోయుంటుంది. నీలాగా అందరూ కాపలా కాస్తారా?"

పొద్దుగూకేలోగా రెండో ఇంటి మాట రాకపోతే గుట్ట చెరిగిపోతుంది. అయినా ఈశ్వరి దాన్ని చూడటం మానేసింది; మనసంతా మంగతాయక్క మీదే ఉంది. జ్వరంతో ఉన్న పాపకు ఒళ్లో ఇప్పుడే కునుకు పట్టింది. అత్తకు మోకాళ్లు సహకరించవు. తెరమీద అన్ని ఇళ్లకూ కనబడేలా రాసింది: "అటుగా వెళ్లేవాళ్లుంటే మంగతాయక్క తలుపు ఒక్కసారి తట్టి చూడండి."