నస బేరం

"ఇది బాల్కనీయా, ఉయ్యాలా?"

ఇల్లు కొంటానని వచ్చినాయన రెయిలింగు పట్టుకుని ఊపాడు. కడ్డీలు గడగడలాడాయి.

ఓనరమ్మకి ఒళ్ళు మండింది. పైకి మాత్రం పళ్ళికిలించింది. "పాత ఇల్లు కదా బాబూ, ఆ మాత్రం ఉంటుంది. ఇందులో అద్దెకుంటున్న అమ్మాయి ఇదిగో. ఏనాడైనా నోరెత్తిందేమో అడగండి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నేల చూపులు చూసింది.

ఎత్తకేం, వచ్చినప్పటినుంచీ ఎత్తుతూనే ఉంది. "పిన్నిగారూ, రెయిలింగు ఊగుతోందండీ, పిల్ల దానిమీదకే ఎక్కుతోంది" అని ఒకసారి. "గీజరు స్విచ్చి షాకు కొడుతోందండీ" అని ఇంకోసారి.

"పిల్లని నువ్వు కనిపెట్టుకోవాలి గానీ, నన్ను బోను కట్టించమంటావా?" అని ఓనరమ్మ ఎప్పటికప్పుడు నోరు మూయించింది. అద్దెకుండేవాళ్ళకి అంత నాజూకేమిటి?

ఒక్క విషయంలో మాత్రం ఆ అమ్మాయికి కాస్త బుర్ర ఉందని ఒప్పుకుంది. బేరగాడు వచ్చే వేళకి, చెప్పకముందే, పిల్లని ఎదురింట్లో దింపి వచ్చేది.

"రేటు కాస్త తగ్గిస్తాను బాబూ. రిపేర్లు మీరే చేయించుకోండి."

"రేటు మీరన్నదే ఇస్తాను. రిపేర్లు మాత్రం మీరే చేయించాలి. అవయ్యాకే అడ్వాన్సు."

ఓనరమ్మకి లోపల్లోపల నవ్వాగలేదు. అడిగిన రేటుకి తలూపే వెర్రిబాగులవాడు ఈ రోజుల్లో కూడా ఉన్నాడన్నమాట! ఇంటికెళ్ళి, మొగుడి దగ్గర వాడికి 'నసగాడు' అని పేరు కూడా పెట్టింది.

ముందు రెయిలింగుకి ఇనపతీగ చుట్టించి చూసింది. నసగాడు ఒక్క గుంజు గుంజాడు. తీగ ఊడి చేతిలోకి వచ్చింది. "రిపేరు చెయ్యమంటే దండ వేయించారేంటమ్మా?"

బాత్రూం గోడ చెమ్మ మీద రంగు కొట్టించింది. వాడు గోటితో గీకాడు. పెచ్చు రాలి ఆమె కాళ్ళ దగ్గరే పడింది.

"నీ నస తగలెయ్య" అని గొణుక్కుంటూనే వెల్డరుని పిలిపించింది. లోపలి పైపు మార్పించింది. స్విచ్చిబోర్డు కొత్తది పెట్టించింది.

పని జరిగినంతసేపూ అద్దె అమ్మాయి వచ్చిన పనివాళ్ళందరికీ టీలు అందించింది.

"ఎవరో వచ్చి ఉండబోయే ఇంటికి నీకెందుకే ఇంత హుషారు? అమ్ముడుపోతే ముందు సామాను సర్దుకోవాల్సింది నువ్వే" అంది ఓనరమ్మ.

"సర్లెండి పిన్నిగారూ" అని అమ్మాయి ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది. రోషం కూడా లేని మనిషి!

ఇవాళ నసగాడు రెయిలింగు మీద ఒళ్ళంతా వేసి ఆనుకున్నాడు. ఇసుమంతైనా కదల్లేదు. వంగి, కడ్డీల సందుల్లో తల దూరుతుందేమో కూడా చూశాడు. గీజరు వేశాడు, ఆపాడు. గోడ తడిమాడు.

"ఇప్పుడు బాగుందమ్మా. మీరు నడుస్తూ ఉండండి. గదుల కొలతలు చూసుకుని, అడ్వాన్సు సంగతి ఫోన్లో మాట్లాడతాను."

ఓనరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. వాడో వెర్రిబాగులవాడు, ఇదో నోరులేనిది. ఇలాంటివాళ్ళుండబట్టే తనలాంటివాళ్ళ బతుకులు హాయిగా సాగిపోతున్నాయి.

మెట్ల మలుపు తిరుగుతుంటే పైన ఎదురింటి తలుపు తెరుచుకుంది. బుల్లి అడుగులు పరుగెత్తాయి. ఆ వెనకే పిల్ల గొంతు:

"అమ్మా, ఇంక మావయ్యని మావయ్యా అని పిలవొచ్చా?"