ఉత్తరపు లోయ

“ఇరవై ఐదు రోజులా! అన్నాళ్లూ నా గొర్రెలు గాలి మేసి బతకాలా అమ్మాయ్?” అంది పగ్మా గుండెల మీద చెయ్యేసుకుని.

పిట్టల మీద పరిశోధన చేసే ఉయాంగా పొయ్యి పక్కన కూర్చుని, ఉప్పు టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని బతిమాలుతోంది. ఒళ్లంతా దుమ్ము. దక్షిణాన కరువు ఊళ్లలో గడ్డి కొలతలు తీసుకుని, ఎక్కడా ఆగకుండా జీపులో నేరుగా ఈ గుడారానికే వచ్చింది. ఉత్తరపు లోయలో బట్టమేక పిట్టలు నేలమీద గుడ్లు పెట్టాయి. మొత్తం పదకొండు గూళ్లు. దోర్నోద్ మైదానంలో ఈ పక్కన మిగిలినవి అవే. మంద ఒక్కసారి తొక్కుకుంటూ పోయిందంటే తల్లులు ఎగిరిపోతాయి, మళ్లీ రావు. పిల్లలయ్యేదాకా లోయలో మందను అడుగు పెట్టనివ్వనని పగ్మా మాటివ్వాలట.

“ఆ లోయలో మన మంద...” అంటూ పగ్మా మొగుడు శారవ్ నోరు తెరిచాడు. పగ్మా ఆ నోట్లో ఎండు పెరుగు ముక్క కుక్కింది.

శారవ్ చెప్పబోయింది నిజమే. ఆ లోయలో చుక్క నీళ్లు లేవు. మంచు కురిసే నెలల్లో తప్ప, నలభై ఏళ్లలో వాళ్ల మంద అటు మొహం పెట్టింది లేదు. అది ఈ పట్నం పిల్లకెందుకు చెప్పాలి?

“లోయ వదిలేస్తే దూరం తోలాలి. ఈయనకి మోకాళ్ల నొప్పులు. మేకలకి బొచ్చు దువ్వేదెవరు? బావిలో నీళ్లు తోడేదెవరు?”

“నేను. పొద్దున పిట్టలు, మధ్యాహ్నం నుంచి మీ పని.”

“ఆ చేతులతోనా?”

“ఈ చేతులతోనే. కానీ మాట గట్టిగా ఇవ్వాలి పిన్నీ. ఏ మందా అడుగు పెట్టకూడదు.”

“నన్ను కాదని నా బీడులోకి ఎవడొస్తాడు? ఏ మందా రాదు, సరేనా!” అని పగ్మా బయటికెళ్లి, గరిటెతో ఆకాశానికి పాలు చల్లింది. అలా ఇచ్చిన మాట ఇక వెనక్కి తీసుకునేది కాదు. పైసా ఖర్చు లేని మాట కదా అని లోపల నవ్వుకుంది కూడా.

మొదటి రోజే ఒక మేక ఉయాంగాని తన్ని కింద పడేసింది.

“మేకని దువ్వమన్నాను గానీ, దాని కాళ్లకి దణ్ణం పెట్టమన్నానా?” అంది పగ్మా. నాలుగో రోజుకి ఆ చేతులు బొబ్బలెక్కాయి.

“పాపం తగులుతుందే,” అన్నాడు శారవ్.

“తగలనీ. పని నేర్చుకుంటోందిగా.” అన్నదే గానీ, ఆ సాయంత్రం పాల మీద మందపాటి మీగడంతా ఆ పిల్ల గిన్నెలోనే వేసింది. ఒట్టి బీడులో తోడు దొరికినట్టుంది, ఆమెకి ఆ పిల్లంటే ఇష్టం పుట్టింది.

పన్నెండో రోజున పగ్మా తమ్ముడు దగ్వా, తొమ్మిది వందల గొర్రెలతో దిగాడు. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి.

“దక్షిణాన మా వైపు గడ్డిపోచ లేదక్కా. నీ ఉత్తరపు లోయ ఇవ్వు. లారీ మీద నీళ్ల ట్యాంకు తెచ్చుకున్నా.”

పగ్మా మొహంలో నెత్తురు చుక్క లేదు. “వేరేవాళ్లకి మాటిచ్చాన్రా.”

“ఎవరికి?”

“అదిగో, ఆ పిల్లకి.”

తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకున్న ఉయాంగా తలెత్తకుండా మేకని దువ్వుతోంది.

“ఆమెకి గొర్రెలేవీ?”

“పిట్టలున్నాయి.”

“తోబుట్టువు కంటే పిట్టలెక్కువయ్యాయా నీకు?”

“పాలు చల్లి ఇచ్చాను. నువ్వే ముందొచ్చి అడిగుంటే కాదనేదాన్నా?” పగ్మా ఒక గొర్రె డొక్క తడిమి చూసింది. “మా మంద మేసే ఏటి ఒడ్డు గడ్డి నువ్వు మేపుకో. నాదాన్ని దూరం తోలుకుంటాలే,” అంది.

ఆ రోజు నుంచి నిజంగానే దూరం తోలుకుంది. మాట ఇంత ఖరీదు పలుకుతుందని ఆమె అనుకోలేదు.

ఇరవై ఐదో రోజు పొద్దున ఇద్దరూ దిబ్బ మీద బోర్లా పడుకుని బైనాక్యులర్స్‌లో లోయలోకి చూశారు. గడ్డిలో తల్లుల వెంట మచ్చల మచ్చల పిల్లలు తడబడుతూ నడుస్తున్నాయి. పగ్మాకి కడుపు నిండిపోయింది. ఇక దాచుకోలేకపోయింది.

“నిన్ను మోసం చేశానే అమ్మాయ్. ఎండాకాలం మా మంద ఈ లోయకి రానే రాదు.”

“తెలుసు పిన్నీ. నీళ్లు లేని చోటికి ఎవరు తోలతారు?”

పగ్మా బైనాక్యులర్స్ దించింది. “తెలిసీ ఇన్నాళ్లు ఎందుకు చేశావే ఆ చాకిరీ?”

ఉయాంగా బొబ్బలు మానిన చేతుల్ని గడ్డికి తుడుచుకుని నవ్వింది.

“మీ తమ్ముడు ఈ లోయకే బయల్దేరాడని తెలిసి, ముందొచ్చాను పిన్నీ.”