క్యాలెండర్ సాక్ష్యం

వసంతక్కా, నా వంకర రాతకూ తప్పులకూ నవ్వుకోకు, ఐదో తరగతితోనే నా చదువు ఆగింది. మా ఆయనది డిగ్రీ. ఆ తెలివి ఎలాంటిదో విను.

బహిష్టు రోజుల్లో నేను గొర్రెల దొడ్డికి వెళ్లకూడదని అత్తమ్మ క్యాలెండర్‌లో తేదీలకు సున్నాలు చుడుతుంది. ప్రతిసారీ సున్నాలకు రెండు రోజుల ముందే నాకు ఆయాసంతో దమ్ము లేస్తోందని ఆయన కనిపెట్టాడు. పని ఎగ్గొట్టే నాటకమట! క్యాలెండర్ చంకన పెట్టుకుని, దొంగను పట్టించినట్టు నన్ను కోదాడ దవాఖానకు తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ తేదీలు చూసింది. "నాటకం కాదయ్యా. కొందరికి నెలసరి ముందు ఆస్తమా ఎక్కువవుతుంది. మనసులో దిగులున్నా పెరుగుతుంది. ఇంట్లో ఏమైనా బాధ ఉందా అమ్మా?" అని నన్నడిగింది.

"మా ఇంట్ల బాధేంది మేడం? రాణి లెక్క సూసుకుంటున్నం," అన్నాడాయన, నా వైపు కళ్లురుముతూ.

అక్కడే నాకు దమ్ము లేచింది.

డాక్టరమ్మ నా నోటికి ఇన్‌హేలర్ పెట్టి, క్యాలెండర్‌లో ఆ రోజు తేదీ వెతికింది. దాని దగ్గర్లో ఎక్కడా సున్నా లేదు.

"నువ్వు కాసేపు బయట నిలబడు," అంది ఆయనతో.

తలుపు మూసుకోగానే నాకు ఊపిరాడింది.

చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టక్కా. భయపడి చెప్పడం లేదు. ఇదంతా చదివినా, డాక్టరమ్మ తనను బయటికెందుకు పంపిందని ఆయన మళ్లీ నన్నే అడుగుతాడు.