చిటికెన వేలి గోరు

సంచిలో కూలివాడి నీలం చొక్కా మడిచి పెడుతూ జిన్‌మెయి భర్త చేతివంక చూసింది.

"ముందు ఆ గోరు తీసెయ్యండి."

ఆమె భర్త, షాంఘై కమ్యూనిస్టు కమిటీ నాయకుడు త్సుయ్ ఉలిక్కిపడ్డాడు. ఒళ్లు వంచి పనిచేసే జాతి కాదని చాటుకోవడానికి పండితులు పెంచుకునే గోరు అది. చిటికెన వేలికి అంగుళం పొడుగుంది.

"కమ్యూనిస్టు కనబడితే సర్కారోళ్లు నరికేస్తున్నారు బయట. రేవు కూలీ వేషమేసి హాంకౌలో పార్టీ పెద్దలకి కబురు మోసుకెళ్తానంటిరి. కూలివాడికి ఇంత గోరా? పోలీసోడు ముందు దండం పెట్టి, తరవాత తల తీస్తాడు!"

"ఇది కమిటీ తేల్చాలి," అన్నాడు త్సుయ్.

మిగతా కమిటీ అంటే, ఆమె వండిన నూడుల్స్ జుర్రుకుంటున్న ప్రొఫెసర్ షెన్.

"గోరు భూస్వామ్య అవశేషమే," అన్నాడు షెన్ మూతి తుడుచుకుని. "కానీ తొందరపడి కత్తిరించడం అతివాదం."

"అయితే ఈయన చావాలా?"

"అక్కర్లేదు వదినా. మీరున్నారుగా."

పట్టుమిల్లులో మరిగే నీళ్లలోంచి గూళ్లు తీసి తీసి బొబ్బలెక్కిన ఆమె వేళ్లవంక చూశాడు షెన్. "ఈ చేతుల్ని ఎవడు అనుమానిస్తాడు? కార్మికవర్గమే ముందు నడవాలి. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి."

కాదంటాడేమోనని జిన్‌మెయి భర్తవైపు తిరిగింది. ఆయన చెయ్యి అప్పటికే లేచి ఉంది, గోరుతో సహా.

"ఏకగ్రీవం!" అన్నాడు షెన్.

ఆమె నీలం చొక్కా తీసేసి, తన బట్టలు సంచిలో పెట్టుకుంది.

"వస్తానండీ. గోరు జాగ్రత్త."

1927 జూన్‌లో హాంకౌ వెళ్లిన జిన్‌మెయి తిరిగి రాలేదు.